జిగురు వదిలి సూది పట్టుకోండి

ప్రశ్న: అక్కా, నమస్తే. మాది చిత్తూరు, గిరింపేట. ఇంట్లోనే మగ్గం వర్క్ చేస్తాను. మా నాన్న రిటైరైన టీచరు. ఇన్ని ఫోన్లు వచ్చినా, ప్రతి సంక్రాంతికీ తన పాత స్నేహితులకు, బంధువులకు ఓ పాతిక మందికి కార్డులు రాసి పోస్టు చేస్తారు. షాపుల్లో మంచి కార్డులు దొరకడం లేదంటుంటే ఈసారి నేనే చేసిస్తానన్నాను. బ్లౌజులకు వాడగా మిగిలిన చమ్కీలు, పూసలు, కుందన్లు డబ్బాల నిండా ఉన్నాయి. నెట్‌లో ఒక నెమలి బొమ్మ దొరికితే ప్రింటు తీయించాను. ఏడో తరగతి చదివే మా పాప స్కెచ్ పెన్నులతో రంగులు వేసింది. నల్ల గీతలు కరిగి రంగుల్లో కలిసిపోయాయి. ఫెవికాల్‌తో అట్ట మీద అతికిస్తే వంకర తిరిగింది. కుందన్లు మర్నాటికే రాలాయి. ఒకటి బెంగళూరులో ఉన్న మా పిన్నికి పంపితే కవరు చినిగి చేరిందట. మా ఆయనేమో "పెళ్లి బ్లౌజు లాగుంది" అని నవ్వారు. తిరుపతిలో నేను లేసులు కొనే ఫ్యాన్సీ షాపు ఆయన మాత్రం, స్వామివారి బొమ్మ పెట్టి చేసిస్తే అమ్మిపెడతానన్నారు. ఎక్కడ తప్పు చేస్తున్నాను? ధర ఎంత చెప్పాలి?

జవాబు: మీ ఆయన మాటకు బాధపడకండి. నవ్వుతూ అన్నా, జబ్బేమిటో ఆయన సరిగ్గానే పట్టుకున్నారు. బ్లౌజు మీద పని కల్యాణ మండపంలో, లైట్ల కింద, పది అడుగుల దూరం నుంచి కనబడాలి. ఫోటోలో మెరవాలి. అందుకే అక్కడ చేతుల మీద, మెడ చుట్టూ ఖాళీ లేకుండా నింపుతారు. కార్డును చేతిలో పట్టుకుని అడుగు దూరం నుంచి చూస్తారు. అంత దగ్గర్లో ఒక్క చమ్కీ మెరిసినా కంటికి ఆనుతుంది. ముప్ఫై మెరిస్తే బొమ్మ కనబడదు, డబ్బా ఒలికినట్టు కనబడుతుంది. అసలు ఆ కార్డులో ముఖ్యమైనవి లోపల మీ నాన్నగారు రాసే నాలుగు మాటలు. పై బొమ్మ వాటికి గుమ్మం లాంటిది.

మిగతా ఇబ్బందులు రెండు కారణాల వల్ల వచ్చాయి. ఒకటి, పనుల వరస తప్పింది. రెండోది, అక్కా అన్నారు కాబట్టి చనువుగా చెబుతున్నాను, మీకు బాగా వచ్చిన పని పక్కన పెట్టి రాని పని పట్టుకున్నారు. సూది పట్టుకునే చెయ్యి జిగురు సీసా పట్టుకుంది. దాని దగ్గరికి వస్తాను గానీ, ముందు ఆ నల్ల గీత సంగతి చూద్దాం.

మీకు తీసిచ్చిన ప్రింటు ఇంక్‌జెట్ మిషను మీద తీసింది అయి ఉంటుంది. ఆ సిరాలు చాలావరకు నీళ్లలో కలిపినవి. స్కెచ్ పెన్నులో ఉన్నదీ నీళ్ల రంగే. తడికి తడి తగిలితే గీత నిలవదు. అదే బొమ్మను లేజర్ ప్రింటు గానీ జిరాక్సు గానీ తీయించండి. అందులో వాడే టోనరు సిరా కాదు. ప్లాస్టిక్ కలిసిన నల్ల పొడి. మిషను దాన్ని వేడితో కరిగించి కాగితానికి అతికిస్తుంది, కాబట్టి నీళ్లు తగిలినా కదలదు. షాపులోనే వేలు తడి చేసి గీత మీద ఒకసారి రుద్ది చూడండి. వేలికి నలుపు అంటితే ఆ ప్రింటు మీకు పనికిరాదు. ఈ మధ్య పిల్లలు ముచ్చటపడి కొంటున్న స్పిరిట్ వాసన వచ్చే మార్కర్లు మాత్రం వేరు. వాటికి టోనరు కూడా ఒక్కోసారి కరిగి పాకుతుంది. వాడేట్టయితే ముందు ఒక మూల మీద గీసి చూడాలి.

మన జిల్లాల వాళ్లకు ఈ వరస కొత్తదేం కాదు. శ్రీకాళహస్తిలో కలంకారీ వేసేవాళ్లు రంగు జోలికి పోయే ముందు ఎంత తతంగం చేస్తారో ఎప్పుడైనా చూశారా? ముందు గుడ్డను కరక్కాయ, పాలు కలిపిన నీళ్లలో నానబెట్టి ఆరేస్తారు. పాలలోని కొవ్వు వల్ల రంగు పక్కకు పాకదు. బెల్లం, ఇనుప ముక్కలు నీళ్లలో రోజుల తరబడి నానబెట్టి తీసిన ద్రావణంతో గీత గీస్తారు. ఇనుము కరక్కాయతో కలిసి నల్లగా మారి గుడ్డలో పాతుకుపోతుంది. ఎరుపు, పసుపు, నీలం ఆ తర్వాతే. గీత స్థిరపడ్డాక రంగు. 1843లో లండన్లో హెన్రీ కోల్ అనే ఆయన అచ్చు వేయించిన క్రిస్మస్ కార్డును, అమ్మకానికి వచ్చిన మొట్టమొదటి క్రిస్మస్ కార్డుగా చెబుతారు. అదీ ఇంతే. గీతలు అచ్చులో వచ్చాయి, రంగులు మనుషులు కూర్చుని చేత్తో నింపారు. మీరూ మీ పాపా చేస్తున్నది అదే పని.

రంగుల విషయంలో పాప చేతి నుంచి స్కెచ్ పెన్నులు తీసుకుని కలర్ పెన్సిళ్లు ఇవ్వండి. స్కెచ్ పెన్నుతో ఒకే చోట రెండు మూడు సార్లు రుద్దితే కాగితం పైపొర లేచి చిన్న చిన్న ఉండలు కడుతుంది. ఇంకెన్ని సార్లు రుద్దినా ఆ చోటు బాగుపడదు. పెన్సిల్‌తో ఆ బాధ లేదు. అయితే పిల్లలు చేసే తప్పు ఒకటుంది, మొదటి గీతకే గట్టిగా నొక్కేస్తారు. అప్పుడు పెన్సిల్‌లోని మైనం కాగితం మీద నున్నటి పూతలా పరుచుకుని పైన ఇంకో రంగు పట్టదు. మొదట లేత రంగు, చెయ్యి ఆనీ ఆననట్టు, చిన్న చిన్న సున్నాలు చుడుతూ వేయమనండి. దాని మీద ముదురు. నెమలి మెడకు ముందు లేత నీలం, ఒకవైపు ముదురు నీలం, ఆ రెండూ కలిసే చోట కాస్త ఆకుపచ్చ. ఇంకో వైపు సన్నగా కాగితం తెలుపు వదిలేస్తే మెడ గుండ్రంగా కనబడుతుంది. రంగులు కలిసిపోయినట్టు రావాలంటే దూదిపుల్లకు ఒక్క చుక్క బేబీ ఆయిల్ అద్ది, దాదాపు తుడిచేసి, మెల్లగా రుద్దండి. చుక్క ఎక్కువైతే నూనె వెనక్కి దిగి పకోడీ పొట్లం కాగితంలా అవుతుంది.

ఈ మైనం కుందన్లకూ పడదు. మైనం, నూనె ఉన్నచోట ఫెవికాల్ పట్టదు. స్కెచ్ పెన్నుల్లో మైనం ఉండదు కాబట్టి, మీవి రాలడానికి కారణం మాత్రం కుందనే. దాని అడుగు నున్నటి ప్లాస్టిక్. ఫెవికాల్‌లోని నీరు ఎటో ఒకవైపు ఇంకితేనే అది గట్టిపడుతుంది. ప్లాస్టిక్ వైపు ఇంకదు, కింద మైనం కూడా ఉంటే ఇంక ఎటు ఇంకుతుంది? పైకి ఎండినట్టే కనబడి, వేలు తగలగానే ఊడొస్తుంది. అట్ట వంకర తిరగడానికీ ఆ నీరే కారణం. కాగితం ఒకవైపు తడిసి సాగుతుంది, ఆరేటప్పుడు ముడుచుకుంటుంది, రెండో వైపుకు ఏమీ కాదు.

ఇది నేను పుస్తకంలో చదివి చెప్పడం లేదు. చాలా ఏళ్ల కిందట ఒక ఉగాదికి ముప్ఫై కార్డులు ఫెవికాల్ పూసి అతికించాను. వంకర తిరక్కుండా ఉంటాయని ఒకదాని మీద ఒకటి పేర్చి, పైన బియ్యం డబ్బా పెట్టి పడుకున్నాను. తెల్లారి చూస్తే ముప్ఫై కార్డులు లేవు, ఒకటే కార్డు ఉంది, ఇటుక మందాన. చాకుతో విడదీయబోతే బొమ్మల్లో సగం పక్కింటి బొమ్మ వెనక్కి వెళ్లిపోయాయి. ఆ ఏడాది అందరికీ ఫోన్లే చేశాను.

అందుకని జిగురు పని వీలైనంత తగ్గించండి. బొమ్మను అట్ట మీద అతికించడానికి డబుల్ సైడ్ టేపు చాలు, అందులో నీళ్లుండవు. ఇక చమ్కీలు, పూసలు, జర్దోసీ ముక్కలు కుట్టేయండి. గుడ్డ మీద కుట్టే మనిషికి కాగితం మీద కుట్టడం పెద్ద కష్టం కాదు, రెండు మూడు తేడాలు తెలిస్తే చాలు.

మగ్గం పనికి వాడే ఆరీ సూది వద్దు. దాని కొక్కెం గుడ్డ నేతలోంచి జారినట్టు కాగితంలోంచి జారదు, పైకి లాగేటప్పుడు చింపుకుంటూ వస్తుంది. మామూలు పూసల సూదే మంచిది. బొమ్మ కింద థర్మాకోల్ ముక్క పెట్టి, ఎక్కడెక్కడ కుట్టాలో అక్కడ ముందే చిల్లులు పొడిచేయండి. తప్పు చిల్లు పడితే గుడ్డలోలా గోటితో రుద్ది పూడ్చలేరు. చిల్లుకీ చిల్లుకీ మధ్య కనీసం 3 మిల్లీమీటర్లు ఉండాలి. అంతకన్నా దగ్గరైతే పోస్టల్ స్టాంపు చుట్టూ ఉండే చిల్లుల్లా తయారై, ఆ గీత వెంట చక్కగా చిరుగుతుంది. ఒంటి పోగు దారం వాడండి. అడుగు నుంచి పైకి వచ్చి, చమ్కీ ఎక్కించి, దాని మీద ఒక చిన్న పూస ఎక్కించి, మళ్లీ అదే చిల్లులోంచి కిందికి దిగండి. చమ్కీని పూస పట్టుకుంటుంది, చమ్కీకి ఒకటే చిల్లు ఖర్చవుతుంది. దారం బిగించి లాగొద్దు. గుడ్డ సాగి ఊరుకుంటుంది, కాగితం చిరుగుతుంది. వెనక ముడి వేయకండి, దారం చివర్లను చిన్న సెల్లో టేపు ముక్కతో అంటించేయండి. ముడి గడ్డలా తేలుతుంది, లేదంటే చిల్లులోంచి జారి ముందుకే వచ్చేస్తుంది.

కుట్టేది బొమ్మ ఉన్న కాగితం మీద మాత్రమే, కార్డు మీద కాదు. ప్రింటును 100 జీఎస్ఎం (చదరపు మీటరు కాగితం ఎన్ని గ్రాములు తూగుతుందో చెప్పే అంకె) బాండు పేపరు మీద తీయించి, రంగు వేసి, కుట్టి, కత్తిరించి, ఆఖర్న కార్డు ముందు అట్టకు టేపుతో అతికించండి. దారాలు, సెల్లో టేపు ముక్కలు అన్నీ రెండు పొరల మధ్య దాగిపోతాయి. కార్డు లోపలి వైపు శుభ్రంగా ఉంటుంది. పాప ఒక నెమలి పాడు చేసినా పోయేది ఆ చిన్న కాగితమే.

కుందన్లకు సూది కుదరదు, వాటికి బ్లౌజుల మీద వాడే ఫ్యాబ్రిక్ గ్లూనే వాడండి. పళ్లు కుట్టుకునే పుల్ల మొనతో ఆవగింజంత. రంగు వేయని చోట పెట్టాలి, మర్నాటిదాకా ముట్టుకోకూడదు. కార్డుకు ఒకటి, మహా అయితే రెండు.

కార్డు అట్టకు 250 జీఎస్ఎం ఐవరీ షీటు అడగండి, మెరుపు లేనిది. మెరిసే దాని మీద పెద్దవాళ్ల పెన్ను జారుతుంది, సిరా ఆరదు. ఏ4 షీటును రెండుగా కోసి, ఒక్కో ముక్కను మధ్యకు మడిస్తే 105 బై 148 మిల్లీమీటర్ల కార్డు వస్తుంది. మడత పగలకుండా ఉండాలంటే స్కేలు పెట్టి, సిరా అయిపోయిన బాల్ పెన్నుతో ముందు గట్టిగా ఒక గీత గీసి, అప్పుడు మడవండి. షీటును అటొకసారి ఇటొకసారి మెల్లగా వంచి చూస్తే ఒకవైపు సులువుగా వంగుతుంది. మడత ఆ వైపుకు పడితే మరీ మంచిది.

ఇంతకీ నెమలే ఎందుకు? సంక్రాంతి కార్డుకు మీ చేతిలో అంతకన్నా మంచి బొమ్మ ఉంది. చుక్కల ముగ్గు. మీరు పొడిచే చిల్లులే చుక్కలు, చుక్కకొక చమ్కీ. 5 చుక్కలు, సందు చుక్క, 3 వచ్చేదాకా పెడితే మొత్తం 19 చుక్కలు. చుక్కకూ చుక్కకూ సెంటీమీటరు ఎడం ఇస్తే ముగ్గు అరచేతిలో ఇమిడిపోతుంది. గీతలు మీరు గానీ మీ పాప గానీ తెల్ల జెల్ పెన్నుతో, ఎర్రమట్టి రంగు కాగితం మీద కలపండి. అలికిన వాకిలి మీద వేసినట్టే ఉంటుంది. రంగులు నింపే పని లేదు, ప్రింటు అక్కర్లేదు, పాతిక కార్డులకు 475 చమ్కీలు. మీ డబ్బాలో ఒక మూలకు కూడా రావు. ముందు ఒక అట్ట ముక్క మీద కొలిచి 19 చిల్లులు పొడిచి పెట్టుకోండి. ఆ అట్టను మూసలా ప్రతి కాగితం మీదా పెట్టి పొడుచుకుంటూ పోవచ్చు. ఇక్కడ మాత్రం చమ్కీలు ఎన్ని ఉన్నా గజిబిజి అనిపించదు. ఎందుకంటే ప్రతి చమ్కీకీ అక్కడ ఉండడానికి ఒక కారణం ఉంది.

నెమలిని వదలలేకపోతే మీ నాన్నగారికి బాగా దగ్గరి వాళ్లకు ఐదుగురికి ఉంచండి. పింఛం కళ్లలో మూడింటికి మాత్రం చమ్కీ పెట్టండి, మిగతావి రంగుకే వదిలేయండి. పాప చేత పాతిక నెమళ్లకు రంగు వేయించకండి. ఆరో నెమలికల్లా దానికి నెమళ్లంటేనే విసుగు పుడుతుంది.

పోస్టు సంగతి. మామూలు ఉత్తరం 20 గ్రాముల లోపుంటే 5 రూపాయల స్టాంపు సరిపోతుంది, దాటితే మళ్లీ స్టాంపు పడుతుంది. బరువు ఇంట్లోనే లెక్క కట్టుకోవచ్చు. ఏ4 షీటు చదరపు మీటరులో 16వ వంతు. అంటే జీఎస్ఎం అంకెను 16తో భాగిస్తే షీటు బరువు వస్తుంది. 250ని 16తో భాగిస్తే 15.6 గ్రాములు, మీ కార్డు అందులో సగం, 8 గ్రాముల లోపే. కవరు, బొమ్మ కాగితం కలిపి ఇంకో ఐదారు గ్రాములు. అలంకారానికి మీకు మిగిలేది ఐదారు గ్రాములే అనుకోండి. చమ్కీలకు, చిన్న పూసలకు అది ధారాళం. కుందన్ల గుత్తి పెడితే దాటిపోతుంది.

మీ పిన్నిగారి కవరు చినగడానికి కారణం బరువు కాదు, ఎత్తు. ఉత్తరాలను కట్టలు కడతారు, సంచుల్లో వేస్తారు, వాటి మీద ఇంకో సంచి పడుతుంది. ఒక్కచోట గుండులా తేలిన రాయి లోపలి నుంచి కవరును కోసేస్తుంది. మొత్తం మందం 3 మిల్లీమీటర్లు దాటనివ్వకండి. బొమ్మ లేచినట్టు కనబడాలని ఫోమ్ టేపు వాడే అలవాటుంటే, చేతికి ఇచ్చే కార్డులకే వాడండి. కార్డు ముందు ఒక పలచటి అట్ట ముక్క అడ్డం పెడితే చమ్కీలు కవరుకు రాసుకోవు. కవర్లు నాలుగున్నర బై ఆరున్నర అంగుళాలవి సరిపోతాయి. ఊగేలా వదులుగా ఉంటే లోపల కార్డు కదిలి అంచులు నలుగుతాయి.

తిరుపతి షాపు ఆయన మాటకు వస్తే, అక్కడ స్వామివారి బొమ్మతో ఏం చేసినా పోతుందన్నది నిజమే. అయినా నేను వద్దంటాను. కార్డు అందుకున్న వాళ్లు కొన్నాళ్లకు దాన్ని ఏం చేస్తారు? పారేయడానికి చేతులు రావు. దేవుడి బొమ్మలున్న పెళ్లి శుభలేఖలు ఇంటింటా పూజగది మూల కట్టలుగా పడి ఉంటాయి. ఆఖరికి ఎవరో ఒకరు వాటిని తీసుకెళ్లి రావిచెట్టు మొదట్లో పెట్టి దండం పెట్టుకుని వస్తారు. వానకు తడిసి, మేకల కాళ్ల కింద పడి ఉంటాయి. పైగా రాలే చమ్కీ స్వామివారి కిరీటం లోంచి రాలితే కొన్నవాళ్ల మనసు చివుక్కుమంటుంది. ఏడుకొండల వరస, ఒక గోపురం, పైన చంద్రుడికి ఒక చమ్కీ, అంత చాలు. ఎక్కడిదో ఎవరికీ చెప్పక్కర్లేదు. ఇంకో మాట, నెట్‌లో దొరికిన బొమ్మను ఇంట్లో వాళ్లకు పంపుకునే కార్డు మీద వేసుకోవడం వేరు, అమ్మే సరుకు మీద వేయడం వేరు. దానికి గీసినవాళ్ల అనుమతి ఉండాలి. ముగ్గుకు ఎవరినీ అడగక్కర్లేదు.

ధర నేను చెప్పేది కాదు, మీ గోడ గడియారం చెప్పేది. ఐదు కార్డులు వరసగా చేసి టైం చూడండి. బ్లౌజు పనిలో మీకు గంటకు ఎంత గిడుతుందో, కార్డు మీద గడిపిన టైముకూ అంతే వేసి, షీటు, కవరు ఖర్చు కలపండి. షాపు ఆయన లాభం దాని పైన. ఆ మొత్తం విని ఆయన కళ్లు పెద్దవి చేస్తే కార్డుల వ్యాపారం మీకు గిట్టదని అర్థం, బ్లౌజులే నయం. ఒప్పుకుంటే మొదట పది మాత్రమే ఇవ్వండి, ఎన్ని ఇచ్చారో ఒక చీటీ మీద రాయించుకోండి.

టైం గురించి టెన్షన్ పడకండి. డిసెంబరు మధ్యలో ధనుర్మాసం వస్తుంది, పెళ్లి ముహూర్తాలు ఉండవు, మీకు బ్లౌజుల ఒత్తిడి ఎలాగూ తగ్గుతుంది. రోజుకు రెండు చొప్పున కూర్చున్నా రెండు వారాల్లో పాతికా అయిపోతాయి. మీ నాన్నగారు రాసుకోవడానికి ఓ మూడు రోజులు ఇవ్వండి. లోపల కుడి పేజీలో సన్నగా పెన్సిల్‌తో గీతలు కొట్టిస్తే ఆయన చేతిరాత వాలకుండా ఉంటుంది, తర్వాత రబ్బరుతో చెరిపేయొచ్చు. జనవరి మొదటి వారంలో పోస్టు డబ్బాలో పడితే పండక్కి చేరతాయి.

కానీ అన్నిటికంటే ముందు, డిసెంబరులోనే ఒక్క కార్డు పూర్తి చేసి మళ్లీ మీ పిన్నిగారికే పంపండి. కవరు విప్పకముందు ఒక ఫోటో, విప్పాక ఒక ఫోటో తీసి పంపమనండి. చమ్కీలు 19 ఉన్నాయో లేదో ఆమెనే లెక్కపెట్టమని చెప్పండి. ఆ లెక్క వచ్చాకే మిగతా కవర్లు అంటించండి.